ఒక తెర చాలదా?

గుడివాడలోనో, మచిలీపట్నంలోనో, దివిసీమలోని అవనిగడ్డలోనో ఒక యువకుడు నేడు తన ఇంటి చిన్నగదిలోనే కంప్యూటరు ముందు కూర్చుని ఒక భక్తిగీతాన్ని గాని, లఘుచిత్రానికి నేపథ్య సంగీతాన్ని గాని కూర్చగలడు. ఇది హర్షించదగిన పరిణామం. ఆ పనికి పూనుకొన్నవారిని త్వరలోనే ఒక సందేహం పట్టుకుంటుంది: బల్లపై ఒక తెర చాలునా, రెండు కావాలా?

రెండు కావాలనే వారి వాదంలో బలం లేకపోలేదు. గాత్రం, వీణ, మృదంగం, తంబుర వేర్వేరు ట్రాకులుగా తెరపై బారులు తీరి ఉంటాయి. వాటి హెచ్చుతగ్గులను సరిదిద్దే మిక్సరు మరొక విండోలో ఉంటుంది. ఒకే తెరపై మాటిమాటికీ ఒకదాని నుండి మరొకదానికి మారడం చిరాకే. కాని అది ఒక మీట నొక్కితే తీరే చిరాకు.

రెండవ తెరవల్ల కలిగే నష్టాన్ని మాత్రం చాలామంది గుర్తించరు. రెండు స్పీకర్లు, వినేవాని శిరస్సు ఒక సమబాహు త్రిభుజపు మూడు శీర్షాలుగా అమరినప్పుడే కుడియెడమల ధ్వనులు సమతూకంగా వినబడతాయి. పక్కతెర వైపు తల తిప్పి పనిచేసేవాడు ఆ తూకాన్ని కోల్పోతాడు. తెరలకు చోటు చాలక స్పీకర్లను గది మూలలకు నెట్టితే, మంద్రధ్వనులు ఉన్నదానికంటె బలంగా వినిపిస్తాయి. ఆ భ్రమలో వాటిని తగ్గించి పాట ముగిస్తే, ఇతరుల ఇంట అది పలుచబడి వినిపిస్తుంది.

స్టూడియో పరిభాషలో స్పీకరును కూడా మానిటర్ అనే అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు హెచ్చరించేవాడని అర్థం. పాటలోని దోషాన్ని హెచ్చరించేది స్పీకరే గాని తెర కాదు. చేతిలోని సొమ్ము ఒక్కదానికే చాలినప్పుడు దానిని మంచి స్పీకర్లకే వెచ్చించాలని నా నిశ్చితాభిప్రాయం.

గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1951 నాటి ‘పాతాళభైరవి’కి సంగీతం సమకూర్చినప్పుడు ధ్వనిరూపాన్ని చూపే ఇటువంటి తెరలు లేవు. ఆ రోజుల్లో గాయకులు, వాద్యకారులు కలిసి ఒకేసారి పాడి వాయించేవారు. ఒకరు తప్పినా అందరూ మళ్ళీ మొదలుపెట్టవలసిందే. తప్పును పట్టవలసింది చెవి. నేడు దరువు గీతకు అతకలేదని, వినకుండానే కోసి జరిపేవారున్నారు! గాయకుడు భావం కోసం కావాలని చేసిన జాగు కూడా ఆ కోతలో మాసిపోతుంది.

రెండవ తెర నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటున్నది. మొవ్వకు చేరువలోని కూచిపూడిలో వర్ధిల్లిన నాట్యసంప్రదాయంలో, నట్టువాంగం చేసే గురువు తాళాలు పలికిస్తూ చూపును నర్తకి పాదాలపై నిలుపుతాడు. చిత్రానికి సంగీతం కూర్చేవాడు కూడా దృశ్యం నుండి చూపు మరల్చరాదు. అతనికి దృశ్యానికొక తెర, ట్రాకులకొక తెర ఉండవలసిందే. అయితే వాటిని పక్కపక్కన కాక, ఎదురుగా ఒకదానికింద ఒకటి అమర్చుకుంటే తల తిప్పే పని ఉండదు. పాట పూర్తయిందనుకొన్నాక ఆ రెండింటినీ ఆర్పి, మొదటి నుండి చివరిదాకా ఒకసారి వినాలి. రాబోయేది కంటికి ముందే కనబడుతుంటే చెవి సిద్ధపడిపోయి తప్పును మన్నిస్తుంది.