మూడు రోజులు, పదకొండు చోట్లు

"హైదరాబాద్ వెళ్ళొచ్చారటగా, ఏమేం చూశారేంటి?"

దసరా సెలవులకి వెళ్ళి తిరిగొచ్చిన రోజు, ఆటోలోంచి సామాను దింపుకుంటుంటే ఎదురింటి పిన్నిగారు అడిగిన మొదటి మాట ఇది. నేను నోరు తెరిచేలోపే మావారు అందుకున్నారు. "పదకొండు చోట్లు పిన్నిగారూ, మూడు రోజుల్లో! ఒక్కటీ వదల్లేదు." ఆవిడ బుగ్గన వేలేసుకుని "అమ్మో, చంటిపిల్లల్ని పెట్టుకునే!" అన్నారు. నా చంకలో చిన్నది ముక్కు కారుస్తూ నిద్రపోతోంది. పెద్దాడు గేటు దగ్గరే చతికిలబడి, ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యనని మొండికేశాడు. నిజం చెప్పాలంటే ఆ పదకొండులో సగం ఎలా ఉంటాయో నాకు గుర్తు లేదు. ఎక్కడెక్కడ బాత్రూం ఉందో, ఎక్కడ లేదో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలను.

ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు వేసవి సెలవులు దగ్గరికొస్తున్నాయి, ఇంటింటా లిస్టులు తయారవుతున్నాయి, మా ఇంట్లో కూడా. అందుకే ఇవాళ ఊరుకోదలచుకోలేదు.

మా ప్రయాణం సంగతి చెప్తాను వినండి. మాది గుంటూరు. తెల్లవారుజామున గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పెద్దాడికి అయిదు నిండాయి కాబట్టి సీటు కావాలంటే ఫుల్ టికెట్టు. చిన్నదానికి రెండేళ్ళు. రైల్వే లెక్కలో 5 ఏళ్ళలోపు వాళ్ళకి టికెట్టు అక్కర్లేదు, సంతోషమే. టికెట్టు లేదంటే సీటు కూడా లేదు కదా. ఆ సీటు నా ఒడి. విజయవాడ, ఖమ్మం, వరంగల్, కాజీపేట అన్నీ నా ఒళ్ళోంచే చూసింది పిల్ల. సికింద్రాబాద్‌లో దిగేసరికి నా కాళ్ళు నావి కావు. కూకట్‌పల్లిలో మావారి పెద్దమ్మగారి అబ్బాయి ఇంట్లో దిగాం. ఆ అక్కయ్య, అంటే మా తోటికోడలు వరస, మంచి మనిషి. నన్ను చూడగానే "ముందు కాస్త నడుం వాల్చమ్మా" అంది. అంతలో హాల్లో నుంచి మావారి గొంతు: "ఎలాగూ ఇంకా చీకటి పడలేదు కదా, కనీసం ఆ దగ్గర్లో మాల్ అయినా..."

నా గొడవంతా ఈ "ఎలాగూ" అనే మాటతోనే. ఎలాగూ వచ్చాం కదా. ఎలాగూ దారిలోనే కదా. ఎలాగూ టికెట్టు కొన్నాం కదా. ఈ మాట అనేవాళ్ళ చేతిలో ఫోను ఉంటుంది. వినేవాళ్ళ చేతిలో పిల్లలుంటారు.

లిస్టు ఫోనులో ఉంది. చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, శిల్పారామం, బిర్లా మందిరం, లుంబినీ పార్కు, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు, ఆ మాల్. శుక్రవారం పొద్దున్నే మ్యూజియం దగ్గర దిగితే గేటు మూసి ఉంది. ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. లిస్టు రాసిన మనిషికి ఆ ఒక్క ముక్క చూసుకునే తీరిక లేకపోయింది. ఏం చేశారనుకుంటున్నారు? గేటు ముందు మా ముగ్గుర్నీ నిలబెట్టి ఫోటో తీసి, "సరే, ఇది కవర్ అయిపోయింది" అన్నారు. పదకొండులో అదీ ఒకటి!

ఇక నా బ్యాగు. భుజం మీది ఆ బ్యాగులో ఏముండేవో ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. డైపర్లు ఆరు. ఇద్దరికీ రెండేసి జతల బట్టలు. తడి బట్టలు వేసుకోవడానికి కవర్లు. వేడి నీళ్ళ ఫ్లాస్కు, చల్లటి నీళ్ళ సీసాలు రెండు. చిన్నదానికి ఉగ్గు పొడి, గిన్నె, చెంచా. పెద్దాడికి పెరుగన్నం డబ్బా, ఎందుకంటే వాడు బయట ఏదీ ముట్టడు. మరమరాలు, బిస్కట్లు, అరటిపళ్ళు. జ్వరం మందు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. టోపీలు. దుప్పటి ఒకటి. ఆ పెరుగన్నం పొద్దున్న అయిదింటికి లేచి పరాయి వంటింట్లో, ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కుంటూ కలిపింది. అందరూ దీన్ని సెలవు అంటారు. నాకు తెలిసి వంటిల్లు గుంటూరులో దింపి రాలేదు నేను, భుజానికి తగిలించుకుని వచ్చాను.

శుక్రవారం మ్యూజియం పోయింది కాబట్టి జూ. మంచి జూ, కాదనను. చెట్లున్నాయి, నీడుంది, నడవలేని వాళ్ళకి బ్యాటరీ బండ్లున్నాయి. పెద్దాడు పులి దగ్గర రెండు నిమిషాలున్నాడు. ఒక బెంచీ కింద చీమలు బిస్కట్టు ముక్క మోసుకుపోతుంటే అక్కడ పావుగంట కూర్చున్నాడు. "చీమలు చూడ్డానికా ఇంత దూరం వచ్చింది" అని చెయ్యి పట్టి లేపారు వాళ్ళ నాన్న. అవును, చీమలు చూడ్డానికే. వాడికి అయిదేళ్ళు. ఆ బిస్కట్టు ఎటు పోతుందో తెలియకుండా వాణ్ణి లేపేసి ఇంకో బోను ముందు నిలబెట్టి మనం సాధించిందేంటి?

సాయంత్రం చార్మినార్. అసలే శుక్రవారం, ఆ జనం, ఆ బళ్ళు. 1591లో కట్టారని మావారు పిల్లాడికి చెప్తున్నారు. వాడు నిలబడే నిద్రపోతున్నాడు. జూలో మధ్యాహ్నం దాకా నడిచిన కాళ్ళవి. మక్కా మసీదు బయట నుంచే చూసి లాడ్ బజార్‌లోకి తిరిగాం. ఇక్కడ నా తప్పు నేను దాచను. గాజులు చూస్తానని ఆగింది నేనే. చంకలో చిన్నది, ఒక చేత్తో గాజుల డజను. పెద్దాడి చెయ్యి వాళ్ళ నాన్న చేతిలో ఉందనుకున్నాను. వాళ్ళ నాన్న ఫోటో తీసుకుంటూ, వాడు నా కొంగు పట్టుకుని ఉన్నాడనుకున్నారు.

లేడు.

ఎంతసేపు? తర్వాత మావారు పది నిమిషాలన్నారు. ఆ పది నిమిషాల్లో నేను ఎన్ని మొక్కులు మొక్కానో ఇప్పటికీ లెక్క తేలలేదు. చిన్నదాన్ని ఎత్తుకునే పరిగెత్తాను, వాడి పేరు పెట్టి అరుస్తూ. నాలుగు కొట్ల అవతల, గాజులు అమ్మే ఒక పెద్దావిడ వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టింది. వాడు ఏడవడం కూడా లేదు. "కూర్చోడానికి వచ్చానమ్మా" అన్నాడు. కాళ్ళు నొప్పెట్టి, కూర్చునే చోటు వెతుక్కుంటూ పోయాడు నా తండ్రి.

మావారు రొప్పుతూ వచ్చి నాతో అన్న మొదటి మాట, "చూసుకోవద్దా?"

ఈ మాట మీద నేను చాలా ఆలోచించాను. ప్లాను ఎవరిది? రైలు దిగిన మర్నాడే పొద్దున్న నుంచి రాత్రి దాకా తిప్పాలని నిర్ణయించింది ఎవరు? చెయ్యి వదిలింది ఇద్దరం. "చూసుకోవద్దా" మాత్రం నాకే వచ్చింది. ఇంటికి చేరాక వాట్సాప్‌లో అత్తయ్యగారు, మా ఆడబిడ్డ, చివరికి మా అమ్మ కూడా అదే మాట. ఒక్కళ్ళయినా "ఎందుకురా అంతలా తిప్పావు" అని ఆయన్ని అడగలేదు.

ఇంత జరిగాక మర్నాడు ఏం చేయాలి? పిల్లాడు రాత్రంతా ఉలిక్కిపడి లేచాడు. పొద్దున్న ఏడింటికి, "ఎలాగూ లేచాం కదా, ఎండ ముదరకముందే గోల్కొండ కొట్టేద్దాం."

గోల్కొండలో ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినపడుతుందంటారు. పెద్దాడికి అది తెగ నచ్చింది. కొట్టాడు. చెల్లెలి చేత కొట్టించాడు. చిన్నది రెండు అరచేతులూ కలవకపోయినా కొడుతూ ఒకటే కేరింతలు. ముందురోజు నుంచి వాడు నవ్వింది అప్పుడే. మనం అక్కడే కూర్చుంటే ఏం పోయింది? గంటసేపు చప్పట్లు కొట్టుకోనిస్తే? లేదు, పైకెక్కాలి. మూడువందలకి పైగా మెట్లు. పదకొండు కిలోల పిల్ల, పైన చెప్పిన బ్యాగు, చీర. పైకెక్కి ఊరంతా చూశాం. పిల్లలిద్దరూ ఏడుస్తున్నారు కాబట్టి వెంటనే దిగాం.

"అందుకేగా చెప్పేది, చంటిపిల్లలతో ఊళ్ళు తిరగడమెందుకు, పెద్దయ్యాక వెళ్ళొచ్చు కదా" అనేవాళ్ళు ఇంకో జట్టు. మా అత్తయ్యగారు ఈ జట్టు. ఆవిడతోనూ నేను ఒప్పుకోను. పెద్దాడికి అయిదు, చిన్నదానికి రెండు. చిన్నది కాస్త పెద్దయ్యేసరికి పెద్దాడికి చదువులు, ట్యూషన్లు. ఈ లోపల నేను ఎనిమిదేళ్ళు ఇదే వంటగది కిటికీలోంచి అదే కొబ్బరిచెట్టు చూస్తుండాలన్నమాట. మగవాళ్ళు ఆఫీసు పని మీదైనా నాలుగూళ్ళు చూస్తారు. "వాళ్ళకేం గుర్తుంటుంది" అంటారు కూడా. మొన్న శనివారం తిన్న పప్పన్నం కూడా వాళ్ళకి గుర్తుండదు, పెట్టడం మానేస్తున్నామా?

ఊరు వాటా కూడా ఉందిలెండి ఇందులో. ఏ చోటో పేరు చెప్పను, ఒక చోట చిన్నదానికి పాలివ్వడానికి చాటు అడిగితే జనరేటరు గది వెనక చూపించారు. ఫుట్‌పాత్ మీద తోపుడుబళ్ళు, బైకులు, పిల్లల బండి తోసుకుపోయే మాటే లేదు. ఇదంతా మావారి చేతిలో లేదు, ఒప్పుకుంటాను. ఆయనకి దొరికేది ఏడాదికి ఒకసారి నాలుగు రోజుల సెలవని, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ ఏదో ఒకటి చూపించాలని ఆయన తాపత్రయపడతారని కూడా తెలుసు. మనసు చెడ్డది కాదు. లెక్కే చెడ్డది. లెక్కలో నా భుజం, వాడి కాళ్ళు లేవు.

సంక్రాంతి అయ్యాక పెళ్ళి పని మీద మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి నేను రెండే షరతులు పెట్టాను. రోజుకి ఒక్క చోటు, అదీ మధ్యాహ్నం భోజనం వేళ వరకే. బ్యాగు ఒకరోజు నాది, ఒకరోజు ఆయనది. ఆయన నవ్వి "ఓస్, అంతేనా" అన్నారు.

మొదటి రోజు ఆయన వంతు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కాం. పెద్దాడు సీటు మీద మోకాళ్ళేసి అద్దానికి ముక్కు ఆనించి కింద బస్సుల కప్పులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటోలో సాలార్‌జంగ్. శుక్రవారం కాదని నేనే చూసుకున్నాను. లోపల వేలకొద్దీ వస్తువులు. మేము ఒక్కటే చూశాం, ఆ సంగీత గడియారం. గంట గంటకీ ఒక చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పదకొండుకి చూశాం. "పన్నెండుకి పన్నెండు కొడతాడా?" అన్నాడు పెద్దాడు. కొడతాడు, ఉందాం అన్నాను. గంటసేపు అక్కడక్కడే తిరిగాం, పక్క గదిలోకి వెళ్ళి రావడం, నేల మీద కూర్చోవడం. చిన్నది నా ఒళ్ళో నిద్రపోయి సరిగ్గా పన్నెండుకి ముందు లేచింది. చుట్టూ జనం చేరారు. పెద్దాడు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. పదయ్యాక వేళ్ళు చాలక నా చేతి వేళ్ళు రెండు పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు మెట్రోలో, "లోపల ఆ మనిషి అన్నం ఎప్పుడు తింటాడమ్మా?" అని అడిగాడు. ఒంటిగంటకి ఒక్కటే కొట్టాలి కదా, అప్పుడు తీరిక దొరుకుతుందేమోనని వాడే జవాబు చెప్పుకున్నాడు. ఇప్పటికీ మా ఇంట్లో గోడగడియారం ముందు నిలబడి తలుపు ఎటుందని వెతుకుతాడు.

మావారి సంగతి? పదకొండున్నరకే బ్యాగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ, "ఏమోయ్, ఇంటికెళ్ళి కాస్త పడుకుందామా" అన్నారు. పన్నెండు కొట్టేదాకా ఉండాల్సిందే అన్నాను. ఎలాగూ వచ్చాం కదా!

నిన్న రాత్రి ఫోనులో కొత్త లిస్టు వచ్చింది. విశాఖపట్నం, మూడు రోజులు. బీచి, సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం, జూ, రుషికొండ, ఒకే రోజులో బొర్రా గుహలూ అరకూ. తొమ్మిదో పేరు దాకా చదివి ఫోను పక్కన పెట్టేశాను. జవాబు ఇంకా రాయలేదు. అటక మీంచి ఆ బ్యాగు దింపి, దులిపి, ఆయన కుర్చీలో పెట్టాను.