తెరలకు కోట్లు, తండా బడికి ఒక్క పంతులు

పల్లె బడిలో బొమ్మ చూపి పాఠం చెప్పడం పాలమూరుకు కొత్తేం కాదు. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ (ఉపగ్రహ టీవీ బోధన) ప్రయోగానికి దేశంలో దాదాపు 2,400 ఊళ్లను ఎంచితే, అందులో మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లూ ఉన్నాయి. అమెరికా దగ్గర ఎరువు తెచ్చుకున్న ఉపగ్రహం, కోళ్ల జాలీతో చేసిన పది అడుగుల యాంటెన్నా, పొద్దున పూట అయిదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తెలుగులో కార్యక్రమాలు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వెళ్లిపోయింది, తెర చీకటైంది.

ఇప్పుడా సాకు లేదు. టీశాట్ చానల్ ఉంది, దీక్ష యాప్ ఉంది, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది. 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు - మన బడి’ని ఆర్భాటంగా మొదలుపెట్టి 26,065 బళ్లు, 7,289 కోట్లు అన్నారు. డిజిటల్ తరగతి గదులూ అందులోవే. తర్వాత సర్కారు మారింది, పథకం పేరూ మారింది.

మరి ఆ క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసేదెవరు? పిల్లల్ని బడికి ఫోన్ తేవద్దంటాం. పంతులే సొంత ఫోన్ తీసి, సొంత డేటా ఖర్చుపెట్టి, అరచేతంత తెరను బెంచీ బెంచీకీ తిప్పాలి. దేవరకొండ వైపు తండాల్లో అయిదు తరగతులకూ ఒక్కరే పంతులైన బడిలో అదీ కుదరదు. పెద్ద డిజిటల్ ప్యానెళ్లేమో ముందుగా ఉన్నత పాఠశాలల గోడలెక్కాయి. ఎదిగిన పిల్లలకు తెర, ఓనమాల పిల్లలకు సుద్దముక్క! కరోనాకు బళ్లు మూతపడి, 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి చానల్లోనూ ఫోన్లలోనూ పాఠాలు మొదలైనప్పుడే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి జేబులో పత్తిచేనుకు పోతే బిడ్డ చదువు ఏమవుతుందో విద్యాశాఖకు తెలిసొచ్చి ఉండాలి.

బొమ్మ విలువ మాకు తెలియక కాదు. మహబూబ్‌నగర్ పక్కనే పిల్లలమర్రి ఉంది. ఊడలు ఆ మానును ఎలా మోస్తాయో, 2018లో చెదలు తొలిచేస్తుంటే సెలైన్ సీసాలతో మందెక్కించి ఎలా కాపాడారో నాలుగు ఫొటోల్లో చూపిస్తే పిల్లల ప్రశ్నలకు పీరియడ్ చాలదు. ఆ ఫొటోలు తీసే పంతులుకు తీరికేదీ? హైదరాబాద్ స్టూడియో వీడియోను అందరికీ ఒకేలా వడ్డించడమే శాఖకు సుళువు.

వచ్చే బడ్జెట్‌లో నెట్‌కు, కరెంటుకు, మరమ్మతులకు బడివారీగా వేరే పద్దు చూపించండి. ఒక్క పంతులున్న ప్రతి తండా బడికీ రెండో పంతులును పంపండి. అంతవరకూ తెరల టెండర్లు ఆపండి.