రెండు షాకుల సైకిలు - పదిహేను వేల రూపాయలు



గత నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘస్థుడొకరు తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చారు. ఆయన హార్బరులో కూలిపని చేస్తారు. కుమారుడు చదువు ముగించి గాజువాకలో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరాడు. ఉదయము ఆరు గంటలకే అక్కడ ఉండాలి. కంచరపాలెం నుండి ఎన్.ఎ.డి. కూడలి మీదుగా రోజూ వెళ్ళి రావాలి.

"అయ్యగారూ, ఈడికి రెండు షాకుల సైకిలే కావాలంట. చీటీ డబ్బులు పదిహేను వేలున్నాయి. అంతకు మించి నా దగ్గర లేవు. మీరైనా సెప్పండి" అన్నారాయన.

కుర్రవాడు తల వంచుకొని, "దారంతా గోతులండీ. నాన్న పాత సైకిలు మీద వెళ్తే నడుము పట్టేస్తోంది" అన్నాడు.

ఆశలు తగ్గించుకో బాబూ అని రెండు మాటలు చెప్పి పంపివేయుట మాకు సులభమే. కాని అతడు అడిగినది ఆడంబరము కాదు, నడుమునొప్పికి మందు. పైగా ఈ విషయములో మేమే ఒకసారి దెబ్బతిన్నాము. నాలుగేండ్ల క్రితం పండుగ తగ్గింపు ధర చూసి, తొక్కి కూడా చూడకుండా మా అబ్బాయికి అటువంటి సైకిలే కొన్నాము. చవకగా దొరికిందని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాము. ఐదు నెలలకు వెనుక భాగము అటూ ఇటూ ఊగసాగింది. బాగుచేయించుదామని రోజులు వాయిదా వేశాము. ఒక సాయంత్రం మెట్ట దిగుతుండగా బ్రేకు వైరు సడలి అబ్బాయి పడ్డాడు. మణికట్టు విరిగింది. ఆ తప్పు సైకిలుది కాదు, మా తొందరపాటుది. అందుచేత ఈ నెల మన శీర్షికలో ఈ సంగతే వ్రాయదలచాము.

ఈ కొండ సైకిళ్ళు అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాయి. 1970లలో అక్కడి యువకులు పాత సైకిళ్ళకు లావు టైర్లు వేసి మట్టి కొండల మీద నుండి దిగేవారు. ముందు ఫోర్కులో షాకులు పెట్టుట 1990 ప్రాంతములో వ్యాపించింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పందెములు మొదటిసారి జరిగాయి. అంటే రాళ్ళు, వేర్లు, గట్లు ఉన్న దారిలో వేగముగా దిగేవారి కొరకు చేసిన బండి ఇది. వెనుక చక్రము నేలను వదలకుండా ఉండుటకే వెనుక షాకు.

మంచి షాకులో రెండు పనులు జరుగుతాయి. స్ప్రింగు గాని, బిగించిన గాలి గాని దెబ్బను మింగుతుంది. లోపలి నూనె సన్నని రంధ్రముల గుండా కదులుతూ, మింగిన దెబ్బను తిరిగి ఒక్కసారిగా ఎగదన్నకుండా ఆపుతుంది. ఈ రెండవ పని చేయుటకే ఖర్చు ఎక్కువ. అటువంటి మంచి బండి మన దేశములో లక్ష రూపాయలు దాటుతుంది. పది పదిహేను వేలలో దొరికే రెండు షాకుల బండిలో సాధారణముగా ఉత్త స్ప్రింగే ఉంటుంది. గోతిలో దిగినప్పుడు మెత్తగానే ఉంటుంది, తరువాత నులకమంచము మీద పిల్లవాడు ఎగిరినట్లు మనిషిని ఎగరవేస్తుంది. పెడలు తొక్కిన ప్రతిసారీ మన బలములో కొంత ఆ స్ప్రింగు తినివేస్తుంది. ఇనుప ఫ్రేము గనుక బరువు పద్దెనిమిది, ఇరవై కిలోల వరకు ఉంటుంది. ఎదురుగాలిలో గాజువాక వెళ్ళేవాడికి అది దినదినము మోయవలసిన భారమే.

మరొక సంగతి పల్లెల్లోని మన కుటుంబములు గమనించాలి. వెనుక భాగము కదులుతుంది గనుక ఇటువంటి సైకిళ్ళకు మామూలు క్యారియరు సరిగా బిగియదు. పాలక్యాను, బియ్యపుమూట, వెనుక కూర్చునే అమ్మ - వీటిలో దేనికీ చోటు ఉండదు. వెనుక భాగము ఫ్రేముతో కలిసే చోట ఉండే బుష్షులు, బేరింగులు అరిగితే ఊరి సైకిలు షాపులో అవి దొరకవు. మన విశాఖలో సముద్రపు ఉప్పుగాలి ఉంది, హార్బరు ధూళి ఉంది. కదిలే కీలు ఎన్ని ఉంటే తుప్పుకు అన్ని తలుపులు తెరిచినట్లే.

మరి నడుమునొప్పి మాట ఏమిటి? తారు రోడ్డు గోతులకు లావు టైరే మొదటి షాకు. గాలి మరీ గట్టిగా కొట్టకుండా, టైరు మీద అచ్చువేసిన హద్దులలోనే, మన బరువుకు తగినట్లు ఉంచాలి. సీటు ఎత్తు సరిచేసుకోవాలి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. గోతి వచ్చినప్పుడు సీటు మీద నుండి కాస్త లేవాలి. ముందు షాకు మాత్రమే ఉన్న బండి ఈ పనికి చాలును.

కొట్టుకు వెళ్ళినప్పుడు చేయవలసినవి ఇవి. సైకిలును ఒకసారి చేతులతో ఎత్తి చూడండి. ముందు బ్రేకు పట్టి హ్యాండిలును క్రిందకు అదిమి వదలండి. టప్పున ఎగదన్నితే లోపల స్ప్రింగు తప్ప ఏమీ లేదని అర్థము. చక్రములు తిప్పి బెండు చూడండి. రెండు కాళ్ళ మధ్య ఫ్రేము ఉంచి నిలబడినప్పుడు మడమలు నేలకు ఆనాలి. డిస్కు బ్రేకు అనే పేరుకు మురిసిపోవద్దు, చక్కగా బిగించిన మామూలు రిమ్ము బ్రేకు నాసిరకము డిస్కు కంటే మేలు. పాత బండి అయితే తెలిసిన మేస్త్రిని వెంట తీసుకువెళ్ళండి. వెనుక చక్రము పట్టి ప్రక్కలకు ఊపండి. టక్కు టక్కుమంటే విడిచిపెట్టండి. అతుకుల వద్ద పగుళ్ళు చూడండి, రశీదు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళ మీద జి.ఎస్.టి. పన్నెండు శాతము నుండి ఐదు శాతమునకు తగ్గింది. బిల్లులో అది కూడా చూసుకోండి.

లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకొనే మాట మనకు తెలిసినదే. మేము ముగ్గురమూ అలాగే కూర్చుని కాగితము మీద వ్రాశాము. సైకిలుకు పదకొండు వేల ఐదు వందలు, హెల్మెట్టుకు పన్నెండు వందలు, తాళమునకు ఐదు వందలు, ముందు వెనుక లైట్లకు ఆరు వందలు, పంపుకు నాలుగు వందలు. మిగిలిన ఎనిమిది వందలు మొదటి ఓవర్‌హాలింగ్ కొరకు. తెల్లవారుజామున లారీల నడుమ వెళ్ళేవాడికి లైటు, హెల్మెట్టు మిగిలితే కొనే వస్తువులు కావు.

కుర్రవాడు ఆ కాగితము చాలాసేపు చూశాడు. "మరి కొండ మీదకు వెళ్ళాలంటేనండీ?" అన్నాడు. అనంతగిరి మట్టి బాటల్లో నిజముగా తిరగాలని ఉంటే, సంపాదన వచ్చాక దాచుకొని మంచిదే కొనుక్కో బాబూ, అప్పుడు మేమే వచ్చి చూస్తాము అన్నాము. నవ్వాడు.

తరువాతి వారము ముందు షాకు బండి, వెనుక క్యారియరుతో గుడి ముందు నిలిచింది. క్యారియరు మీద వాళ్ళమ్మ కూర్చుని వచ్చింది. దిగుతూ ఆమె, "నడుము నొప్పి లేదంట అయ్యగారూ, గాని ఆ బొమ్మ మాత్రం ఇంకా గోడ మీదే ఉంది" అన్నది. ఉండనివ్వండి అన్నాము.

ఇంట్లో పిల్లలు ఏదైనా ఖరీదైనది అడిగినప్పుడు, వద్దు అనుటకు ముందు ఎందుకు అని అడగండి. అవును అనుటకు ముందు కాగితము, కలము తీయండి. మేము ఈ రెండూ ఆలస్యముగా నేర్చుకున్నాము.