కుర్చీ ఇచ్చిన చట్టం కొలువు ఇవ్వలేదు

పార్లమెంటు 2017లో ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమలులోకి వచ్చింది. అందులోని 31వ సెక్షన్ ప్రస్తావన మన చట్టసభల్లో గానీ, టీవీ చర్చల్లో గానీ వినిపించడం అరుదు. అంతర్జాతీయంగా అంగీకరించిన ప్రమాణాల మేరకు, జనాభాకు తగినంతమంది మానసిక ఆరోగ్య నిపుణులను పదేళ్లలోగా సమకూర్చుకునేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలన్నది ఆ సెక్షన్ సారాంశం. ఆ గడువు 2028 మేతో ముగుస్తుంది. గడువు దగ్గరపడేకొద్దీ లెక్కల పోటీ మొదలవుతుంది. పీజీ సీట్లు ఎన్ని పెంచాం, ఎన్ని జిల్లాలకు పథకాన్ని విస్తరించాం, టెలీ-మానస్‌కు ఎన్ని ఫోన్లు వచ్చాయి అంటూ మంత్రులు సభలో అంకెలు చదువుతారు.

ఆ అంకెల్లో చోటు దొరకని కొలువులు రెండున్నాయి. ఒకటి ఆక్యుపేషనల్ థెరపిస్టుది. మరొకటి, మానసిక వ్యాధిని స్వయంగా అనుభవించి, కోలుకుని, అదే బాధలో ఉన్న మరొకరికి చేయందించే తోటి సహాయకునిది. ఇంగ్లిషులో దీనిని పీర్ సపోర్ట్ అంటున్నారు. ఈ రెండింటినీ పక్కన పెట్టి నిపుణుల కొరత తీర్చామని చెప్పుకుంటే అది సగం లెక్కే అవుతుంది.

కొరత నిజమే. మన దేశంలో లక్ష మందికి 0.75 మంది మాత్రమే సైకియాట్రిస్టులు ఉన్నారు. కనీసం ముగ్గురు ఉండాలన్నది నిపుణుల మాట. నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. డాక్టర్లు పెరగాలన్న విషయంలో వాదనకు తావు లేదు. అయితే డాక్టరు రాసిన మందు పనిచేసిన తర్వాత ఏం జరుగుతోందన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉంది. హన్స్ ఫౌండేషన్ 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 43 ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో ఉంటున్నవారిలో 36.25 శాతం మంది ఏడాదికి పైగా అక్కడే ఉండిపోయారు. వారిలో చాలామందిని అక్కడ కట్టిపడేసింది రోగ తీవ్రత కాదు, వెళ్లేందుకు చోటు లేకపోవడం. ఇలాంటివారి కోసం హాఫ్‌వే హోమ్‌లు నెలకొల్పాలని సుప్రీంకోర్టు 2017 నుంచి రాష్ట్రాలకు చెబుతూనే ఉంది. కోలుకున్నవారిని బిచ్చగాళ్ల గృహాలకు, వృద్ధాశ్రమాలకు తరలించడాన్ని 2021లో తప్పుపట్టింది. సమాజంలో జీవించడం హక్కు అని చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ హక్కును ఆసుపత్రి గేటు దాటించి వీధిదాకా, ఇంటిదాకా, పనిదాకా నడిపించే మనుషులు ఎవరన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆక్యుపేషనల్ థెరపీ అనగానే చాలామంది దీనిని ఉద్యోగాలకు సంబంధించిన శిక్షణగానో, ఫిజియోథెరపీకి మరో పేరుగానో భావిస్తారు. ఇక్కడ ‘ఆక్యుపేషన్’ అంటే మనిషి దినచర్యను నింపే పనులన్నీ. స్కిజోఫ్రీనియా నుంచి కోలుకుంటున్న ఒక యువకుణ్ణి ఊహించండి. భ్రాంతులు తగ్గాయి. కానీ మందుల మత్తు వల్ల ఉదయం లేవలేడు. మూడు పనులు వరుసగా చెబితే రెండోది మరచిపోతాడు. కిక్కిరిసిన బస్సెక్కాలంటే భయం. చిల్లర లెక్క తప్పుతుంది. ఇంట్లోవారికి ఇదంతా బద్ధకంగా కనిపిస్తుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒక్కో పనినీ విడి మెట్లుగా విడదీసి, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడో గమనిస్తారు. మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టరుతో మాట్లాడతారు. ఖాళీ బస్సులో రెండు స్టాపుల ప్రయాణంతో మొదలుపెట్టిస్తారు. దుకాణంలో రోజుకు గంట పనితో ప్రారంభించి నాలుగు గంటలకు పెంచుతారు. యజమానితో మాట్లాడి పనిచోట చిన్న మార్పులు చేయిస్తారు. వినడానికి ఇవన్నీ మామూలు విషయాలే. వాటిని ఏ వరుసలో, ఏ మోతాదులో, ఏ మనిషికి ఎలా అమర్చాలో తెలియడమే ఆ వృత్తి నైపుణ్యం. నాలుగున్నరేళ్ల డిగ్రీ చదువు అందుకే.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. అమెరికాలో పుట్టి, భారతీయుణ్ణి పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ఆసియాలోనే తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటి. అంతటి చరిత్ర ఉన్న వృత్తికి జాతీయ స్థాయి నియంత్రణ కావాలంటే 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం దాకా ఆగవలసి వచ్చింది. ఆ చట్టం అమలు కూడా నత్తనడకే. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని గడువు విధించవలసి వచ్చింది. ఇక 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మార్గదర్శకాలు చూడండి. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సులు, రికార్డులు చూసేవారు ఉన్నారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు పోస్టు లేదు. 2017 చట్టం కింద రాష్ట్ర ప్రాధికార సంస్థ నమోదు చేసే నిపుణుల జాబితాలోనూ ఆ పేరు లేదు. పోస్టు లేనిచోట చదువుకున్నవారు ఉండరు. వారు పిల్లల థెరపీ సెంటర్లకో, కార్పొరేట్ ఆసుపత్రులకో, విదేశాలకో వెళ్తారు. అది వారి తప్పు కాదు.

తోటి సహాయకుని నైపుణ్యం దీనికి భిన్నమైనది. దానికి ఆధారం అనుభవం. ‘నాకూ గొంతులు వినిపించేవి, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను’ అని ఎదుట కూర్చున్న మనిషి చెప్పినప్పుడు రోగికి కలిగే నమ్మకం తెల్లకోటు చెప్పే మాటతో కలగదు. మందుల వల్ల బరువు పెరగడం, దాంపత్య జీవితంలో ఇబ్బందులు వంటివి డాక్టరు దగ్గర దాచి, ఇలాంటివారి దగ్గర బయటపెడతారు. మందు మానేయాలన్న ఆలోచన ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో ఆ దారిన నడిచినవారికి తెలుసు.

విచిత్రమేమిటంటే ఈ రెండు వృత్తుల వేర్లు ఒకచోటే కలుస్తాయి. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఆక్యుపేషనల్ థెరపీ తొలి జాతీయ సంఘాన్ని స్థాపించినవారిలో జార్జ్ బార్టన్ ఒకరు. ఆయన వైద్యుడు కాదు, ఆర్కిటెక్టు. క్షయతోనూ, పక్షవాతంతోనూ పోరాడి, చేతి పనుల ద్వారా తన్ను తాను నిలబెట్టుకున్న రోగి. అనుభవం నైపుణ్యంగా మారగలదనడానికి ఆ వృత్తి పుట్టుకే సాక్ష్యం. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 1999లోనే పీర్ సపోర్ట్‌ను మెడికెయిడ్ కింద చెల్లింపు లభించే సేవగా చేసింది.

అంత దూరం పోనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 2014-16 మధ్య గుజరాత్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రాల్లో అమలైన క్వాలిటీరైట్స్ కార్యక్రమంలో తోటి సహాయకులకు శిక్షణ ఇచ్చి పాలుపంచుకునేలా చేశారు. సిబ్బంది వైఖరి మెరుగుపడిందని, రోగులకు తమ జీవితంపై అదుపు పెరిగిన భావన కలిగిందని దాని మూల్యాంకనం తేల్చింది. చెన్నైలో బన్యన్ సంస్థ నడిపే ‘హోమ్ అగెయిన్’లో ఏళ్ల తరబడి ఆసుపత్రిలో గడిపినవారు మామూలు వీధుల్లో, అద్దె ఇళ్లల్లో, నలుగురైదుగురుగా కలిసి బతుకుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇతర దేశాలకు ఆదర్శంగా చూపిన సేవల్లో అదీ ఒకటి. ప్రపంచం మన నుంచి నేర్చుకుంటున్న పాఠాన్ని మన బడ్జెట్లు ఇంకా చదవలేదు.

చట్టంలోని వైరుధ్యం ఇక్కడే ఉంది. మానసిక వ్యాధిని అనుభవించినవారి ప్రతినిధులకు కేంద్ర, రాష్ట్ర ప్రాధికార సంస్థల్లో రెండేసి స్థానాలు ఇచ్చారు. సమీక్షా మండళ్లలోనూ వారికి చోటుంది. అంటే విధానాలు నిర్ణయించే బల్ల దగ్గర వారి అనుభవానికి విలువ ఉంది. వార్డులో, జిల్లా కేంద్రంలో, హాఫ్‌వే హోమ్‌లో జీతం తీసుకుని పనిచేయడానికి మాత్రం ఆ అనుభవం అర్హత కాదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసినదే: వ్యాధి తిరగబెడితే ఎలా? ఈ ప్రశ్న వెనుక కొంత బాధ్యత, కొంత అపనమ్మకం కలగలిసి ఉన్నాయి. హిందీ ప్రాంతాల్లో ఆగ్రా, రాంచీ, తమిళనాట కీల్పాక్, తెలుగునాట ఎర్రగడ్డ అన్న ఊళ్ల పేర్లను వెక్కిరింతలుగా వాడుకునే సమాజం మనది. తిరగబెట్టే జబ్బులు మధుమేహం నుంచి ఆస్తమా దాకా ఎన్నో ఉన్నాయి. వాటి కారణంగా ఎవరినీ కొలువుకు అనర్హులనడం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యాల్లో చేర్చి, పనిచోట తగిన సర్దుబాట్లను హక్కుగా గుర్తించింది. సెలవు, పర్యవేక్షణ, పరిమితమైన పనిభారం ఉంటే ఈ సమస్యను ఎదుర్కోవచ్చు.

రెండో ప్రమాదం గురించే ఎక్కువ ఆందోళన చెందాలి. తోటి సహాయకులను ప్రభుత్వాలు చవక పనివారిగా మార్చుకునే ప్రమాదమది. 2005లో మొదలైన ఆశా కార్యకర్తలు నేటికీ గౌరవ వేతనం కోసం రోడ్డెక్కుతున్నారు. ‘సేవాభావం’ అన్న మాట మన పాలకుల నోట జీతం ఎగవేతకు మర్యాదపూర్వకమైన పేరుగా మారింది. డాక్టర్లు, థెరపిస్టులు లేని లోటును కోలుకున్నవారి భుజాలపై మోపి చేతులు దులుపుకుంటే, వారికీ, వారిని నమ్ముకున్న రోగులకూ అన్యాయమే.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడగాలి. జిల్లా మానసిక ఆరోగ్య బృందంలోనూ, ప్రతి ప్రభుత్వ హాఫ్‌వే హోమ్‌లోనూ ఆక్యుపేషనల్ థెరపిస్టు పోస్టును మంజూరు చేయాలి. 2021 చట్టం షెడ్యూలులో మానసిక ఆరోగ్య సహాయక కార్యకర్తలన్న వర్గం ఇప్పటికే ఉంది. అందులో తోటి సహాయకులకు ప్రత్యేక పాఠ్యక్రమం, నమోదు, వేతన శ్రేణి, పదోన్నతి మార్గం ఏర్పరచాలి. వారు ఏం చేయవచ్చో, ఏ దశలో రోగిని డాక్టరుకు అప్పగించాలో రాతపూర్వకంగా ఉండాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు. ఉన్న చట్టాలను కలిపి చదివే మంత్రిత్వశాఖ, డబ్బు కేటాయించే ఆర్థికశాఖ చాలు.

మానసిక రోగులు ఓటుబ్యాంకు కాదు. వారికోసం బందులు జరగవు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మంటల్లో కాలిపోతే గానీ దేశం వారివైపు చూడలేదు. 2028 మేలో ప్రభుత్వం సభ ముందుంచే నివేదికను సైకియాట్రిస్టుల సంఖ్యతో మాత్రమే కొలిస్తే మనమూ ఆ ఉదాసీనతలో భాగస్వాములమే. ఆసుపత్రి నుంచి ఎంతమంది ఇంటికి వెళ్లారు, వెళ్లినవారిలో ఎంతమంది పని చేసుకుంటున్నారు, వారికి తోడు నిలిచినవారికి ప్రభుత్వం జీతం ఇస్తోందా అని ప్రతిపక్షం అడగాలి, పత్రికలు అడగాలి. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగిన రోజున చట్టం అమలైందని ఒప్పుకుందాం.