‘మార్చేస్తా సార్’ అంటే సరిపోదు

మా నాన్న కారు వారంటీ ముగిసి నెలే అయింది. రివర్స్ గేర్ వేయగానే పొడుగ్గా ఒక బీప్, ఆపైన కుడి మూల ఏమున్నా పట్టించుకోదు. వర్క్‌షాప్‌లో నాలుగు సెన్సర్లూ మార్చాలన్నారు. ఈసీఈ చదివిన నేను పక్కనే నిలబడి తలూపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. సుమారు 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని పంపి, ప్రతిధ్వని వచ్చే సమయాన్ని కొలుస్తుందంతే. గోడ మీటరు దూరంలో ఉంటే దాదాపు 6 మిల్లీసెకన్లు.

ఆ సాయంత్రం సెన్సర్ల మీది బురద తుడిచి, నాన్నను సీట్లో కూర్చోబెట్టాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్‌లోనే రివర్స్ గేర్ వేయమన్నాను. ఒక్కో సెన్సర్‌ దగ్గరా చెవి పెడితే మూడింట్లో సన్నగా టిక్ టిక్. నాలుగోది మూగ. అన్నీ ఆపి, దాన్నీ పక్కదాన్నీ అటూ ఇటూ మార్చాను. లోపం సెన్సర్‌తో పాటు కదిలితే తప్పు సెన్సర్‌ది. అక్కడే ఉండిపోతే వైరుదో కనెక్టర్‌దో. అక్కడే ఉంది. కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము! (వారంటీలో ఉన్న బండైతే మీరు విప్పొద్దు.)

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కొత్త కారుకీ వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. ‘అవి పనిచేయకపోతే ఏం చేస్తావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే వింతేం కాదు. తప్పంతా మనదే అనను. ల్యాబ్‌లో కిట్ పనిచేయకపోతే వేరేది ఇస్తారు తప్ప, ఎందుకు ఆగిందో వెతకమనరు. రికార్డు నిండితే చాలు.

మినీ ప్రాజెక్టుల్లో వాడే ‘రెండు కళ్ల’ అల్ట్రాసోనిక్ మాడ్యూల్‌దీ ఇదే సూత్రం. మీకు తెలియకుండా అందులో ఒక వైరు వదులు చేయమని ఫ్రెండ్‌కి చెప్పండి. ఏదో మీరు వెతకండి.