పాత మేడలు – కొత్త కాపురాలు

పాత మేడను కూల్చి, ఆ స్థలంలో అపార్టుమెంటు లేపడం నేడు నగరంలో నిత్యకృత్యమైనది. హబ్సిగూడ, నాచారం, ఉప్పల్ ప్రాంతాలలోనూ ఆవరణ గల పాత ఇండ్లు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నవి. ఇంటివారిని నిందించుట సులభమే. కాని ఒకే ఇల్లు నలుగురు వారసులకు సంక్రమించినప్పుడు, దానిని బిల్డరుకు అప్పగించుట తప్ప వారికి మరో దారి తోచదు. కూల్చకుండా పంచుకొనే మార్గము లేదా? ఇదే మేము చదువరుల ముందుంచదలచిన ప్రశ్న.

ఈ చిక్కు ఇంగ్లండులోని ప్రభువుల పల్లెటూరి భవనాలకు ఏనాడో వచ్చినది. వారసత్వపు పన్నులు, నౌకర్ల కొరత, యుద్ధకాలపు శిథిలత కలిసి వందలాది భవనాలను నేలమట్టం చేసినవి. 1974లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ నష్టాన్నంతా ఒక ప్రదర్శనలో ప్రజల కళ్ళకు కట్టినది. అటుపిమ్మట కిట్ మార్టిన్ అనే వాస్తుశిల్పి అటువంటి కొన్ని భవనాలను పలు కుటుంబాల నివాసాలుగా మార్చాడు. ఆయన పద్ధతి గమనింపదగినది. అంతస్తుకొక వాటాగా అడ్డంగా కోయక, నేల నుండి కప్పు దాకా నిలువుగా విభజించాడు. ఎవరి వాకిలి వారికి దక్కినది. పెద్ద గదులకు అడ్డగోడలు తప్పినవి.

మన నగరంలోనూ ఆ బాణీ సౌధమొకటి ఉన్నది. అది కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా, శామ్యూల్ రస్సెల్ దీనికి రూపకల్పన చేశాడు. ఆరు కొరింథియన్ స్తంభాల ముఖమంటపం, మెట్ల కిరువైపుల సింహాలు, దర్బారు హాలు పరాయి పెత్తనపు దర్పాన్ని చాటినవే. 1949లో మహిళా కళాశాల అందులో ప్రవేశించినది. దొరలు కొలువుతీరిన చోట మన ఆడపిల్లలు చదువుకొన్నారు. ఆ చదువే సౌధాన్ని నిలిపినదని మా నమ్మకము. అయితే వాడుక ఒక్కటే చాలలేదు. తగిన మరమ్మతులు లేక శిథిలమై, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారి ప్రమాదస్థితి జాబితాకెక్కినది. పునరుద్ధరణ జరిగి 2023లో తిరిగి తెరచుకొన్నది.

కాపురమూ కావాలి, కనిపెట్టి ఉండే చేయీ కావాలి. మామూలు ఇండ్లకు ఇంత హంగామా ఎందుకని కొందరనవచ్చు. ప్రతి పాత గోడా పవిత్రమని మేమనడం లేదు. కూల్చే ముందు ఒక్కసారి ఇంజనీరును పిలిచి, ఇంటిని నిలువుగా వాటాలు వేయవచ్చునేమో అడగాలి. ముందటి ఇల్లు ఉంచి వెనుక దొడ్డిలో కొత్త వాటాలు కట్టుకొనవచ్చునేమో చూడాలి. డంగుసున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచిపోతుంది గనుక, సున్నపు పని తెలిసిన మేస్త్రీనే వెదకాలి. మరమ్మతుల ఖర్చుకు వాటాదారులు నెలనెలా కొంత సొమ్ము కూడబెట్టుకోవాలి.

మా విద్యార్థులకు ఒక మనవి. మీ వీధిలోని పాత ఇంటిని, ఇంటివారి అనుమతితో, కొలిచి పటం గీయండి. పటం చూచిన తరువాత వారసులకు పంపకం మీద కొత్త ఆలోచన పుట్టవచ్చును.