మంట మాకు, గ్యాసు ఊరవతలికి

దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా పరాయి దేశాలదే. సహజవాయువులో దాదాపు సగం, వంటగ్యాసులో సగానికి మించి ఓడల్లో దిగుతోంది. ఈ లెక్క ముందు పెట్టి ఢిల్లీ పెద్దలు కోనసీమతో ఎప్పుడూ ఒకే మాట అంటారు: దేశం కోసం ఓర్చుకోండి. ఓర్చుకున్నాం. రాజోలు చేలల్లో రిగ్గులు దిగిన నాటి నుంచి, నలభై ఏళ్ళుగా ఓర్చుకుంటూనే ఉన్నాం. మా ఓర్పుతో ఏం సాధించారో చెప్పాల్సిన వంతు ఇప్పుడు వాళ్ళది.

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి గ్యాసు బావి బద్దలైంది. మార్చి 15 దాకా, 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. విదేశాల నుంచి నిపుణులు వస్తే తప్ప ఆ మంట ఆరలేదు. సరే, తవ్వేటప్పుడు భూమి ఎదురుతిరిగింది, అది ప్రమాదమే అనుకుందాం.

నగరం అనే ఊళ్ళో జరిగింది అలాంటిది కాదు. మామిడికుదురు మండలంలోని ఆ ఊళ్ళో ఇళ్ళనూ కొబ్బరితోటలనూ ఒరుసుకుంటూ 18 అంగుళాల గొట్టం పోయేది. తాటిపాక నుంచి విజయవాడ దగ్గర కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గెయిల్ గ్యాసు పంపే గొట్టం అది. 2014 జూన్ 27 తెల్లవారుజామున పగిలింది. గ్యాసు పొగమంచులా ఇళ్ళ మధ్య పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలింది. మంచాల మీద ఉన్నవాళ్ళు మంచాల మీదే, బయటికి ఉరికినవాళ్ళు వీధిలోనే కాలిపోయారు. 20 మందికి పైగా పోయారు, వాళ్ళలో పసిపిల్లలూ ఉన్నారు. నిండు కాపు మీదున్న చెట్లు మొవ్వుతో సహా మాడి మోడులై నిలబడ్డాయి. విచారణలో ఏం తేలింది? పొడి గ్యాసు పోవాల్సిన గొట్టంలో నీరూ, ఇతర ద్రవాలూ కలిసిన గ్యాసు పారింది. గొట్టాన్ని లోపలి నుంచి తుప్పు తినేసింది. గ్యాసు వాసన వస్తోందని ముందే మొరపెట్టుకున్నామని ఊరివాళ్ళు ఆ రోజే పత్రికలవాళ్ళకు చెప్పారు. చనిపోయిన ఒక్కొక్కరికి గెయిల్ 20 లక్షలు, రాష్ట్రం 3 లక్షలు, కేంద్రం 2 లక్షలు ప్రకటించాయి. గ్యాసులోంచి తేమ తీయడానికీ, తుప్పు గొట్టం మార్చడానికీ దొరకని డబ్బు శవాలు లేచాక గంటల్లో దొరికింది. ఇది నిర్లక్ష్యం. ఇంతకంటే మెత్తని మాట నా దగ్గర లేదు.

ఇంత ఓర్చుకున్నాక ఇక్కడి గ్యాసు కథ ఏమైందో చూడండి. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న రిలయన్స్ గ్యాసు క్షేత్రం కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. 2010లో 6 కోట్లు అందుకుని, 2013 నాటికి అందులో పావు వంతుకు జారింది. భూగర్భం మోసం చేసిందని రిలయన్స్ అంది, చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. ఈ తగాదాలో నలిగినవి గోదావరి జిల్లాలు. ఈ గ్యాసునే నమ్ముకుని రావులపాలెం మండలం దేవరపల్లిలో కట్టిన 445 మెగావాట్ల ప్లాంటు గ్యాసు అందక ఆగి, చివరికి దివాలాకు పోయింది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల ప్లాంటు నడవనే లేదు. దాని యంత్రాల్లో కొన్ని బంగ్లాదేశ్‌కు తరలిపోయాయి. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా 1,400 కిలోమీటర్ల గొట్టం మాత్రం చకచకా పడింది! 2015లో, దేశంలో గ్యాసు లేక ఆగిన ప్లాంట్లను నడపడానికి కేంద్రమే సబ్సిడీ ఇచ్చి దిగుమతి ఎల్‌ఎన్‌జీ కొనిపించింది.

సముద్రంలో దొరికిన గ్యాసు మీద రాయల్టీలో రాష్ట్రానికి పైసా లేదు, అంతా కేంద్రానిదే. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది గానీ, బావి ఉన్న పంచాయతీకి ఎంత వస్తోంది? ఇక్కడి వంటింట్లో సిలిండరుకు కట్టే ధర సౌదీ మార్కెట్‌ను బట్టి నడుస్తుంది. ఓడల్లో వచ్చే వంటగ్యాసును దాచడానికి విశాఖలో 60 వేల టన్నుల భూగర్భ గుహ తొలిచారు. వంటగ్యాసు వేరు, మా నేలలోంచి వచ్చే సహజవాయువు వేరు, ఆ సంగతి తెలుసు. కానీ ఇంటింటికీ పైపు గ్యాసు వేసి ఉంటే సిలిండరుతో పనే ఉండేది కాదు. భరూచ్ దాకా గొట్టం వేయగలిగినవాళ్ళకు తాటిపాక నుంచి పక్క వీధికి వేయడం కష్టమా?

కోనసీమ గ్యాసంతా తోడినా దేశం దిగుమతులు ఆగవు. అది నాకూ తెలుసు. అందుకే ఆ దిగుమతి లెక్కను మా నోరు మూయడానికి వాడొద్దంటున్నాను. చమురు దిగుమతిని 2022 కల్లా 10 శాతం తగ్గిస్తామని 2015లో ప్రధాని చెప్పారు. అప్పుడు 77 శాతం. 2022లో అది 85 దాటింది. ఈ మధ్యలో వాళ్ళు గట్టిగా తగ్గించింది మా మాట వినాల్సిన బాధ్యతనే. 2020 జనవరిలో పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చి, చమురు, గ్యాసు అన్వేషణకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా చేసింది. పాశర్లపూడి చూసిన నేల మీద, నగరం చూసిన నేల మీద, తవ్వే ముందు ఊరిని అడగనక్కర్లేదట!

ఆ మినహాయింపు ఎత్తేయండి. ఇళ్ళ మధ్య నుంచి పోయే ప్రతి గొట్టం వయసెంతో, చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఏం తేలిందో తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించండి. అరిగిన గొట్టాలు మార్చండి. మిగతా ఊళ్ళకు పంపే ముందు బావి ఉన్న ఊరి పొయ్యి వెలిగించండి. ఇవి జరిగేదాకా కోనసీమ చేలల్లోకి కొత్త రిగ్గు దిగకూడదు.